ఏడు జీడి గింజలు, యాభై ఒక్క గోలీలు

2025 ఫిబ్రవరి 4, మంగళవారం, పొద్దున తొమ్మిదిన్నర గంటలకు మా వాకిట్లోని నీళ్ల పొయ్యిలో, నిప్పుల మీద, ఐదు నల్లజీడి గింజలు పెట్టాను. పది నిమిషాలు ఉంచి తీయాలనుకుని గడియారం చూశాను కాబట్టి ఆ వేళలో పొరపాటు లేదు. మిగతాదంతా పొరపాటే.

నల్లజీడి అంటే మనం తినే జీడిపప్పు కాదు, దాని అడవి చుట్టం. గింజ నల్లగా, గట్టిగా, బొటనవేలి గోరంత ఉంటుంది. లోపల తారు లాంటి రసం. ఆ రసంతో బట్ట మీద చుక్క పెడితే బట్ట చిరిగేదాకా పోదు. పూర్వం బట్టలు ఉతికేవాళ్లు ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి దీంతోనే గుర్తులు పెట్టేవారు. ఆ రసం కొందరి ఒంటికి అసలు పడదు. తగిలినచోట పొక్కులు లేచి, చర్మం కాలినట్టు అవుతుంది.

ఆ రోజు నేను గుర్తులు పెట్టాలనుకున్నవి మా యారాలి బట్టలు. మా మరిది భార్య ఆమె. అన్నదమ్ములిద్దరూ పోయాక పదకొండేళ్లుగా మేమిద్దరం లింగాల ఘనపూర్ దగ్గర మా ఊళ్లో ఒకే వాకిట్లో ఉంటున్నాం. గదులు రెండు, వంట ఒకటి. నాకు డెబ్బై నాలుగు, ఆమెకు అరవై ఆరు. ఐదో ఏట అమ్మవారు పోసి ఆమె ఎడమ కన్ను పోయింది. అరవై ఒక్క ఏళ్లుగా కుడి కన్ను ఒక్కటే. దానికీ రెండేళ్ల నుంచి శుక్లం కమ్ముతూ వచ్చింది. హన్మకొండలో ఒక కంటి దవాఖాన వాళ్లు ఫిబ్రవరి 24, సోమవారం ఆపరేషన్ చేస్తామన్నారు. మూడు రోజులు ఉండాలి, పడకబట్టలు మీవే తెచ్చుకోండి అన్నారు. దుప్పట్లు రెండు, తువ్వాళ్లు నాలుగు, రగ్గు ఒకటి కొత్తవి తెచ్చాం. గుర్తు లేని బట్ట నా చేతుల మీదుగా దవాఖానకు పోవడం నాకు ఇష్టం లేదు.

ఈ అలవాటు నాకు ఉద్యోగంలో వచ్చింది. మహబూబాబాద్ వైపు, గార్ల దగ్గర, ఒక బాలికల హాస్టల్లో పంతొమ్మిదేళ్లు వార్డెన్‌గా చేశాను. నూట ఇరవై దుప్పట్లు. ఏటా జూన్‌లో లెక్క, ఏప్రిల్‌లో లెక్క. హాస్టల్ బట్టలు ఉతికే అవ్వ ఒకామె ఉండేది. కొత్త దుప్పటి రాగానే వసారాలో కూర్చుని, చేతులకు ముందుగా నూనె పట్టించుకుని, పచ్చి జీడి గింజ మూతి దగ్గర సూదితో పొడిచి, ఆ సూది మొనతోనే మూల మీద చుక్కలు పెట్టేది. చుక్క మీద సున్నం అద్దేది. సాయంత్రం ఉడుకు నీళ్లలో ఉతికి రెండు రోజులు ఎండేసేది. ఆ పని అయ్యేవరకు పిల్లల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. పంతొమ్మిదేళ్లలో పోయిన దుప్పట్లు నాలుగు. ఆ సంఖ్య నాకు ఇప్పటికీ నోటికి ఉంది. ఆమె గింజను ఎన్నడూ పొయ్యి దగ్గరికి తీసుకుపోలేదన్న సంగతి మాత్రం, అంతా అయిపోయాక గానీ నాకు తట్టలేదు. నేను దుప్పట్లనే లెక్కపెట్టాను, ఆమె పనిని గమనించలేదు.

మా యారాలి పుట్టిల్లు భూపాలపల్లి వైపు, రేగొండ దగ్గర. ఆ ఊరి చుట్టం ఒకామె దిష్టికి గుమ్మానికి కట్టుకొమ్మని రెండేళ్ల కిందట ఏడు జీడి గింజలు ఇచ్చిపోయింది. అవి మా అటక మీద ఉన్నాయి. ఆ పొద్దున దించి సూదితో పొడిస్తే చుక్క కూడా రాలేదు. ఎండిపోయి రాయిలా ఉన్నాయి. వేడి చేస్తే రసం ఉబుకుతుందనుకున్నాను.

"అక్కా, నాకు జీడి పడదు," అన్నది మా యారాలు. "చిన్నప్పుడు ఆ చెట్టు కింద నిలవడ్డా మొఖం ఉబ్బేది."

"అది పచ్చి చెట్టే. గిదేమో ఎండిన గింజ. రెండేండ్ల సంది ఎండుతున్నది. దీంట్ల ఏముంటది?" అన్నాను.

"సరే తియ్, సదువుకున్నదానివి. నాకేం ఎరుక," అని నవ్వి, ఊదుగొట్టం తీసుకుని పొయ్యి ముందర కూర్చున్నది.

నేను పట్టకారుతో గింజలను నిప్పుల మీద పెట్టి మూడడుగులు వెనక్కి జరిగాను. ఆమె వంగి ఊదుతూనే ఉంది. నాలుగైదు నిమిషాలకు గింజలు చిటపటమన్నాయి. నల్లటి నూనె ఉబికి నిప్పుల మీద పడి ఒక్కసారి చిక్కటి పొగ లేచింది. ఆమె దగ్గి, కుడిచేత్తో ముఖం తుడుచుకుని, మళ్లీ ఊదింది. పదిన్నరకల్లా ఏడు బట్టల మీదా గుర్తులు పెట్టడం అయిపోయింది. ఒక గీత, దాని మీద రెండు చుక్కలు. చాలా తీరుగా వచ్చాయని సంతోషపడ్డాను కూడా.

బుధవారం సాయంత్రం ఆమె, "ఏందో అక్కా, మొఖం మీద చీమలు పాకుతున్నట్టున్నది," అన్నది. కొబ్బరినూనె రాసుకుని పడుకున్నది.

గురువారం, 6వ తేదీ, తెల్లవారి ఐదున్నరకు ఆమె గదిలోంచి పిలుపు వినిపించింది.

"అక్కా, కరెంటు పోయిందా?"

వెళ్లి చూస్తే బల్బు సరిగ్గా ఆమె తల మీదే వెలుగుతోంది. ముఖం గుర్తుపట్టలేనట్టు ఉబ్బింది. కుడి కంటి రెప్పలు రెండూ వాచి, ఒకదాని మీద ఒకటి కూర్చుని, మధ్యన గీత కూడా కనబడటం లేదు. బుగ్గల మీద, మెడ మీద, కుడి ముంజేతి మీద నీటి పొక్కులు. "కరెంటున్నది," అన్నాను.

ఆమె వేళ్లతో మెల్లగా రెప్పను తడిమి చూసుకున్నది.

"అయితే జీడే," అన్నది.

అంతే. 'నేను చెప్పలేదా' అన్న మాట ఆ రోజు అనలేదు, తర్వాత ఏ రోజూ అనలేదు. నేనైతే అనేదాన్ని. రోజుకు రెండుసార్లు అనేదాన్ని.

నేను ఏడుస్తున్నానని గొంతును బట్టి తెలుసుకుని ఆమే నాకు ధైర్యం చెప్పింది. "మా ఊర్ల జీడి పొక్కినోళ్లను తానిచెట్టు దగ్గరికి తోల్కపోయి చుట్టూ తిప్పేటోళ్లు. జీడికి తాని పెద్దన్న అయితడట. అన్న చెప్తే ఇంటదట. ఇప్పుడు ఈ ఊర్ల తానిచెట్టును ఏడకెల్లి తెస్తవ్? నువ్వే పెద్దదానివి గద, నీ చుట్టే తిరుగుత తియ్."

మా ఊరి డాక్టరు సూది వేశాడు. దురద ఒక పూట తగ్గింది. "గిది నాతోని కాదమ్మా. కన్ను ఒక్కటే ఉన్నది. జనగామల చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోండి," అని అతనే చెప్పాడు.

శుక్రవారం పొద్దున మా వాడకట్టు ఆటోలో జనగామ పోయాం. డాక్టరమ్మకు ముప్పై ఐదేళ్లు ఉంటాయేమో. చేతులు కడుక్కుని వచ్చి, రెండు వేళ్లతో రెప్పలను అతి మెల్లగా విడదీసి, టార్చి వేసింది.

"వెలుగు కనబడుతుందా అమ్మా?"

"ఎర్రగ కనబడుతున్నది."

"మంచిది. కన్ను లోపల బాగున్నది. రెప్పలే వాచినయ్. మీరు చేయాల్సిందల్లా ఒకటే. రుద్దొద్దు. గోకితే, పుండు పడి చీము పడితే, ఆ కంటిని కాపాడటం కష్టం."

పూత మందుతో ఇది ఆగదని, ముఖమంతా, మెడంతా పాకింది కాబట్టి మింగే మందే కావాలని చెప్పి ఆమె స్టెరాయిడ్ గోలీలు రాసింది. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. పొద్దున టిఫిన్ తిన్నాకే వేసుకోవాలి. మొదటి ఐదు రోజులు రోజుకు నాలుగు. తర్వాత ఐదు రోజులు మూడు. ఆ తర్వాత ఐదు రోజులు రెండు. చివరి ఆరు రోజులు ఒకటి. ఇరవై ఒక్క రోజులు. గోలీలు మొత్తం యాభై ఒకటి అని కింద గీత గీసి రాసింది. నేను అక్కడే కూర్చుని కూడి చూశాను. ఇరవై, పదిహేను, పది, ఆరు. సరిపోయింది. డాక్టరు చీటీలో కూడిక ఉండటం, అది సరిగ్గా ఉండటం నా డెబ్బై నాలుగేళ్లలో మొదటిసారి చూశాను. అప్పుడే ఆమె మీద గౌరవం కలిగింది.

"షుగరున్నదా?" అని అడిగింది. ఉంది, పరగడుపున నూట నలభై ఎనిమిది అని నా లెక్కల పుస్తకం చూసి చెప్పాను.

"ఈ గోలీలతోని పెరుగుతది. భయపడొద్దు. షుగర్ మందు పెంచుతున్న. రోజుకు రెండుసార్లు చూసి రాయండి. పన్నెండో తారీఖు వచ్చి చూపియ్యండి. ఒక్క మాట. బాగైందని మధ్యల ఆపొద్దు."

ఆ చివరి మాట నా పుస్తకంలో ఉంది. నా చేతిరాతే.

ఆపరేషన్ తేదీ గురించి ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు. చర్మానికీ కంటి ఆపరేషన్‌కూ ఏం సంబంధం అనుకున్నాను.

ఆ తర్వాత రెండు రోజులు మా యారాలు చూపు లేకుండా ఇంట్లో ఎట్లా మసలిందో చెప్పాలి. మొదటి రోజే మంచం నుంచి స్నానాల గదికి పద్నాలుగు అడుగులని లెక్కపెట్టుకుని, రెండోసారి నుంచి నా చెయ్యి వద్దన్నది. వాకిట్లోకి ఎవరు వచ్చినా చెప్పుల చప్పుడు విని పేరు పెట్టి పిలిచేది. శనివారం పొద్దున, "ఉత్తగ కూసుంటే దురద గుర్తుకొస్తది. కందులు తే," అన్నది. చాట ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో ఒక్కొక్క పిడికెడు పరుస్తూ, వేళ్ల కొసలతో తడిమి రాళ్లు ఏరింది. ఎదురుగా ఇంకో చాటతో నేనూ కూర్చున్నాను. అయ్యాక, అలవాటు కొద్దీ, రెండు చాటలూ మళ్లీ చూశాను. ఆమె చాటలో రెండు రాళ్లు మిగిలాయి. నా చాటలో ఐదు. ఆమెకు చెప్పకూడదనుకున్నాను.

"ఎన్ని ఉన్నయ్?" అని అడిగింది.

చెప్పాను. చాలాసేపు నవ్వింది. "కండ్లద్దాలు గూడ పెట్టుకుంటివి గదక్కా!"

ఆదివారం, 9వ తేదీ, ఆరు గంటల యాభై నిమిషాలకు నేను ఆమెకు చాయ్ ఇస్తున్నాను. రెప్పల నడుమ సన్నటి చీలిక. ఆమె గ్లాసు అందుకోకుండా నా వైపే ముఖం పెట్టింది.

"అక్కా, నీ కొంగు చినిగింది," అన్నది.

రెండు రోజులకు ఎనిమిది గోలీలు. గింజ పొగ చేసిన పనిని అంత చిన్న తెల్ల బిళ్లలు వెనక్కి తిప్పడం నాకు నమ్మశక్యం కాలేదు. ఐదో రోజుకు పొక్కులు ఎండాయి. ముఖం ముఖంలా అయింది. అయితే గోలీలు ఇంకో పని కూడా చేశాయి. ఆమెకు విపరీతమైన ఆకలి. "రాయి పెట్టినా అరుగుతదక్కా," అనేది. నిద్ర తక్కువ, మాటలు ఎక్కువ. షుగరు పెరిగింది. 12వ తేదీ పరగడుపున రెండు వందల ముప్పై ఆరు. తిన్న తర్వాత మూడు వందల నలభై ఒకటి.

కంటి దవాఖాన వాళ్లు షుగరు రెండు వందల లోపు ఉంటేనే కత్తి పెడతామన్నారు. నేను పుస్తకం తెరిచి రెండు తేదీలు పక్కపక్కన రాసుకున్నాను. గోలీలు అయిపోయేది ఫిబ్రవరి 27. ఆపరేషన్ ఫిబ్రవరి 24. మూడు రోజుల తేడా. ఈ తేదీ పోతే మళ్లీ ఎప్పుడిస్తారో, అసలు ఇస్తారో లేదో. శుక్లం వల్ల అప్పటికే ఆమె నా ముఖాన్ని చూసి కాకుండా నా గొంతును బట్టి మాట్లాడే స్థితికి వచ్చింది. నా మూలంగా ఆ తేదీ పోవడం నేను భరించలేకపోయాను. 12న డాక్టరమ్మ దగ్గరికి పోలేదు. పోతే ఆపవద్దంటుందని తెలుసు. 14వ తేదీ శుక్రవారం గోలీల అట్టలు పప్పు డబ్బాల వెనక పెట్టాను.

టిఫిన్ అయ్యాక ఆమె చెయ్యి చాపింది. "గోలీలు?"

"అయిపోయినయ్."

"అయిపోయినయా? యాభై ఒకటి అంటివి గద. నేను మింగింది ఇరువై ఆరే."

ఆమె కూడా లెక్కపెడుతోందని నాకు తెలియదు. అబద్ధం అక్కడితో ముగిసింది. ఉన్న సంగతి చెప్పాను. "నీ మొఖం తేటగైంది. షుగర్ చూడు ఎట్లున్నదో. ఇప్పుడు ఆపితే ఇరువై నాలుగుకల్ల దిగుతది. లేకుంటే ఆపరేషన్ పోతది."

"డాక్టరమ్మ ఆపొద్దన్నది గదనే?"

"ఆమెకు ఆపరేషన్ సంగతి ఎరుకలే."

"లెక్క నీది. నీ ఇష్టం అక్కా," అన్నది.

16వ తేదీ పొద్దున షుగరు నూట డెబ్బై రెండు. నా పుస్తకంలో ఆ సంఖ్య చుట్టూ సున్న చుట్టాను. ఆ సాయంత్రమే ఆమె చీర కొంగును వేలికి చుట్టుకుని బుగ్గ మీద ఒత్తుకుంటూ కనిపించింది. అడిగితే ఏం లేదన్నది.

17వ తేదీ, సోమవారం, తెల్లవారి ఐదున్నర. ఈసారి ఆమె కరెంటు గురించి అడగలేదు.

"అక్కా, మల్ల వచ్చింది."

మళ్లీ ఆటో, మళ్లీ అదే బాట. ఆటో అన్న అద్దంలోంచి ఆమెను చూసి, "ఏంది పెద్దమ్మా, మంచిగైందంటిరి గద!" అని పరేషాన్ అయ్యాడు. నా ఒళ్లో సంచి. సంచిలో ఇరవై ఐదు గోలీలు.

డాక్టరమ్మ చూడగానే అడిగింది. "గోలీలు ఆపినరా?"

నేను నోరు తెరిచే లోపలే మా యారాలు అన్నది, "నేనే మింగలే డాక్టరమ్మా. చేదుగున్నయని కొంగుకు ముడేసుకున్న. అక్కకు ఎరుకలే."

డాక్టరమ్మకు కోపం వచ్చింది. ఒక్కటే కన్ను ఉన్న మనిషి ఇట్లా చేస్తుందా, ఇంత చెప్పినా వినకపోతే మేమెందుకు అని గట్టిగానే అన్నది. మా యారాలు వాచిన ముఖం కిందికి దించుకుని, తప్పు చేసిన చిన్నపిల్లలా ఆ మాటలన్నీ పడుతోంది. హాస్టల్లో పంతొమ్మిదేళ్లు పిల్లల అబద్ధాలు పట్టుకున్నాను. ఒకరి తప్పు ఒకరు మీద వేసుకున్న పిల్లలను కూడా చూశాను. అట్లాంటి పిల్లను ఎన్నడూ కొట్టలేదు. కానీ అసలు తప్పు చేసిన పిల్ల నోరు విప్పకుండా పక్కనే ఊరుకోవడం ఎంత హీనమో ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు తెలిసింది.

సంచిలోంచి అట్టలు తీసి బల్ల మీద పెట్టాను. "ఆమె కాదు డాక్టరమ్మా. నేనే ఆపిన. ఇరువై ఐదున్నయ్, లెక్కపెట్టుకోండి."

"గామెను నమ్మకుండ్రి, నన్ను కాపాడుతున్నది," అన్నది మా యారాలు, ఇంకా తల దించుకునే.

డాక్టరమ్మ ఒకసారి ఆమెను, ఒకసారి నన్ను చూసింది. ఎందుకని అడిగింది. నేను పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించాను. రెండు తేదీలు, షుగరు సంఖ్యలు, మూడు రోజుల తేడా. ఆమె పై నుంచి కింది దాకా చదివింది. నాకు మరీ ఇష్టమైన విషయం ఇదే. కోపంలో ఉండి కూడా పూర్తిగా చదివింది.

"కూడికలన్నీ కరెక్టే," అన్నది. "కానీ అమ్మా, జీడి చేసే పని మీకు కనబడేదొక్కటే కాదు. చర్మం లోపల అది రెండు మూడు వారాలు నడుస్తనే ఉంటది. గోలీ దాన్ని తీసెయ్యదు, అణిచిపెట్టి ఉంచుతది. దాని బలం అయిపోయేదాక మనం చెయ్యి తియ్యొద్దు. మీరు నడిమిట్ల తీసినరు, అది లేచింది. ఇంకో సంగతి. ఈ మందు మన ఒంట్ల కూడ తయారైతది. బయటికెల్లి ఎక్కువిస్తే ఒళ్లు తన పని బంద్ చేసుకుంటది. అందుకే మెల్లమెల్లగ తగ్గించి, మల్ల దాని పని దానికి అప్పజెప్తం. నాలుగు, మూడు, రెండు, ఒకటి అని ఉత్తగ రాయలే."

నేను ఆ చీటీని కూడిక సరిగ్గా ఉందా అని మాత్రమే చూశాను. ఆ మెట్లు ఎందుకున్నాయో అడగలేదు.

"ఆపరేషన్ తారీఖు జరపొచ్చు," అన్నది ఆమె. "కంటి మీద పుండైతే దాన్ని జరపలేం." అని, మా ముందే కంటి దవాఖానకు ఫోన్ చేసి, ఇద్దరు డాక్టర్లు మాట్లాడుకున్నట్టు మాట్లాడి, షుగరు దిగాక ఏప్రిల్‌లో పెట్టించింది. మూడు నిమిషాల పని. నేను దానికోసమే డబ్బాల వెనక గోలీలు దాచాను.

మళ్లీ మొదటి నుంచి యాభై ఒక్క గోలీలు, మార్చి 9 వరకు. నా దగ్గరున్న ఇరవై ఐదు పోను ఇంకో ఇరవై ఆరు కొనమన్నది. లేచేటప్పుడు అట్టలన్నీ తీసి మా యారాలి చేతిలో పెట్టింది.

"మీ దగ్గరనే ఉంచుకోండి అమ్మా. అక్కకు ఇయ్యకండి."

"ఇయ్య," అన్నది ఆమె. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఒక్కసారి నా చెయ్యి నొక్కి, "అబద్ధం కూడ మంచిగ ఆడనియ్యవు గదనే," అన్నది.

ఇంటికి రాగానే నూలు దారం అడిగి తీసుకున్నది. కన్ను మూసుకుపోయి ఉండగానే, వేళ్లతో కొలుచుకుంటూ, ఇరవై ఒక్క ముడులు వేసింది. ఐదు ముడుల తర్వాత జానెడు ఖాళీ, మళ్లీ ఐదు, మళ్లీ ఐదు, చివర ఆరు. ఆ దారం గుమ్మానికి కట్టింది. రోజూ టిఫిన్ తిని, గోలీలు మింగి, ఒక ముడి విప్పేది. ఏ గుంపులో ఉందో దాన్ని బట్టి ఎన్ని గోలీలో ఆమెకు తెలిసేది. నేను నా పుస్తకంలో నా లెక్క రాసుకుంటూనే ఉన్నాను. ఇరవై ఒక్క రోజుల్లో ఒక్కరోజు కూడా ఆమె దారానికీ నా పుస్తకానికీ తేడా రాలేదు. 19వ తేదీ బుధవారం సాయంత్రం నాలుగు గంటలకు కన్ను మళ్లీ తెరుచుకుంది. ఆ తర్వాత మూసుకోలేదు. ఈసారి షుగరు ఎంత చూపించినా నేను ఆ అంకె రాసి డాక్టరమ్మకు చూపించాను గానీ, దాని మీద సొంతంగా ఏ నిర్ణయమూ చేయలేదు. ఆమె మందు పెంచింది. జొన్నరొట్టె తినమన్నది. మా యారాలు ఆకలికి ఏడ్చినంత పని చేసింది గానీ ఒక్క ముద్ద అన్నం అదనంగా అడగలేదు. మార్చి చివరికి నూట ముప్పై తొమ్మిదికి దిగింది.

గుర్తులు పెట్టిన ఏడు బట్టలూ ముట్టవద్దని, ముఖ్యంగా కాల్చవద్దని డాక్టరమ్మ చెప్పింది. ఇంటి వెనక మోకాలి లోతు గుంట తీయించి బట్టలను, కాలిన ఐదు గింజలను, మిగిలిన రెండు గింజలను పూడ్చిపెట్టాం. ఏప్రిల్ 7, సోమవారం గుర్తులు లేని బట్టలతోనే హన్మకొండ పోయాం. ఆపరేషన్ ఇరవై నిమిషాలు. మర్నాడు పొద్దున కట్టు విప్పారు.

ఆమె కిటికీ వైపు చూసింది, తన చేతుల వైపు చూసుకుంది, తర్వాత నన్ను చూసింది. "ముసలిదానివైనవ్ గదక్కా," అన్నది చివరికి.

ఇంటికి వచ్చిన వారానికి, నా పుస్తకం అడిగి తీసుకున్నది. ఆమె నాలుగో తరగతి దాకా చదివింది. రెండేళ్లుగా ఒక్క అక్షరమూ చదవలేదు. వాకిట్లో మంచం మీద కూర్చుని, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, ఫిబ్రవరి 4 నుంచి మొదలుపెట్టింది. "ఇంత సన్నగ రాస్తవేందే?" అని సణిగింది. చివరి పేజీలో, పోయినవి అని రాసి, ఎదురుగా 'నా పొరపాటు వల్ల' అని రాశాను. అక్కడ ఆగింది.

"గిదెందుకు రాసినవ్?"

"అయింది కాబట్టి రాసిన."

ఆమె ఇంకోసారి చదివింది. నేను కొట్టేయమంటుందనుకున్నాను.

"అయితే పూర్తిగ రాయి. దవాఖానకు నాలుగు తువ్వాళ్లు తీస్కపోయినం. మూడే తెచ్చినం."

వెళ్లి మడతలు లెక్కపెట్టి చూశాను. మూడే. అది కూడా కలిపి రాశాను.

పోయినవి, నా పొరపాటు వల్ల:

ఆపరేషన్ తేదీ ఒకటి. దానితో నలభై రెండు రోజులు.

కన్ను మూసుకుపోయిన కాలం, రెండు విడతలు కలిపి, నూట ముప్పై ఒక్క గంటల యాభై నిమిషాలు.

అక్కరకు రాకుండా పోయిన గోలీలు ఇరవై ఆరు.

కుడి కనుబొమ్మ వెంట్రుకలు, సగం. ఇంకా మొలవలేదు.

దుప్పట్లు రెండు, తువ్వాళ్లు నాలుగు, రగ్గు ఒకటి, గుర్తులు ఉన్నవి.

జీడి గింజలు ఏడు.

తువ్వాలు ఒకటి, గుర్తు లేనిది.